జట్టు బహుమతులతో వెనుకబడిన పిల్లలపై నింద పడుతోంది: మీ అనుభవాలు చెప్పగలరు

పరకాల గణితం సార్:
మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఏడో తరగతిలో ఐదుగురేసి పిల్లలను జట్లుగా చేసి, వారం పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చిన జట్టుకు శనివారం ఆఖరి పీరియడ్ ఖోఖో ఆడుకోనిస్తున్నాను. హోంవర్క్ చేసేవారు పెరిగిన మాట నిజమే. కానీ భాగహారం రాని పిల్లవాడిని "నీ వల్లనే ఓడిపోయినం" అని జట్టువారే నిలదీస్తున్నారు. బహుమతి ఆపాలా, పద్ధతి మార్చాలా?

హనుమకొండ టీచర్:
ఆపనక్కరలేదు సార్, ఒక్క జట్టే గెలవాలన్న నియమం తీసేయండి. 1969లో అమెరికాలోని కాన్సస్ పరిశోధకులు ప్రకటించిన 'గుడ్ బిహేవియర్ గేమ్'లో నాలుగో తరగతిని రెండు జట్లుగా చేసి, ఎవరైనా అనుమతి లేకుండా మాట్లాడినా, చోటు వదిలి లేచినా ఆ జట్టు పేరున బోర్డుపై గుర్తు పెట్టేవారు. గుర్తులు పరిమితి దాటకపోతే రెండు జట్లూ గెలిచేవి. ఇద్దరు పిల్లలు ఆడబోమని తేల్చి చెప్పినప్పుడు, వారి మూలంగా జట్టంతా నష్టపోవడం అన్యాయమని వారిని ఆట నుంచి తప్పించారు. అందులో భోజనం వరుసలో ముందు నిలబడడం కూడా ఒక బహుమతి. మన మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం అది వద్దని నా అభిప్రాయం.

నర్సంపేట సార్:
మార్కులు కాకుండా మెరుగుదలను లెక్కించండి. అమెరికా విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ రూపొందించిన జట్టు అభ్యసన పద్ధతిలో ప్రతి విద్యార్థినీ తన పాత సగటుతోనే పోలుస్తారు. కాబట్టి పదికి రెండు తెచ్చుకునే పిల్లవాడు నాలుగు తెస్తే జట్టుకు అతనే ఆధారమవుతాడు, తోటివారు నిందించడం మాని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతారు. పూర్తి మార్కులు తెచ్చినవారికి కూడా గరిష్ఠ పాయింట్లే ఇవ్వాలి, లేకుంటే ముందున్నవారు అలుగుతారు.

ములుగు తెలుగు టీచర్:
పిల్లలు ఇష్టంగా చేసే పనులకు మాత్రం బహుమతి పెట్టకండి. 1973 నాటి ఒక ప్రయోగంలో, బహుమతి ఆశ చూపి బొమ్మలు వేయించిన చిన్నారులు ఆ తర్వాత తమంతట తాము వేయడం తగ్గించారు. మా గ్రంథాలయ పీరియడ్‌కు నేను పాయింట్లు పెట్టను.

పరకాల గణితం సార్:
సోమవారం నుంచి మెరుగుదల లెక్కే పాటిస్తాను. అయితే పత్తి ఏరే రోజుల్లో కొందరు బడికి రారు. వారి పాయింట్లు ఎలా లెక్కించాలి?

నర్సంపేట సార్:
మొత్తం కాకుండా, పరీక్ష రాసినవారి సగటు తీసుకోండి. రానివారికి సున్నా వేస్తే పాత నింద మళ్లీ మొదలవుతుంది.