పేషెంట్ తాలూకు వాళ్లు చెయ్యి చేసుకున్నాక మళ్లీ డ్యూటీ ఎలా చేస్తున్నారు?

అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసేవాణ్ణి, నాలుగేళ్లయింది. పోయిన వారం హైవే మీద బైక్ యాక్సిడెంట్. మేం వెళ్లేసరికే పల్స్ లేదు, అయినా ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాను. లేటుగా వచ్చారంటూ ఆయన బావమరిది చెంప మీద కొట్టాడు. కాల్ వచ్చిన 18 నిమిషాలకి వెళ్లాం, రోడ్డు మీద నిలబడ్డవాళ్లకి అది గంటలా ఉంటుందని నాకూ తెలుసు. దెబ్బ కన్నా బాధేంటంటే, అరగంటలో ఇంకో కాల్, కాన్పు కేసు, మొహం కడుక్కుని వెళ్లిపోయాను. ఇప్పుడు జనం గుమిగూడి కనబడితే చాలు, చేతులు వణుకుతున్నాయి. నిన్న సెలైన్ ఎక్కించే కాన్యులాకి మూడుసార్లు గుచ్చాను. ఇంట్లో చెబితే మానెయ్యమంటారు. మీరెలా తట్టుకుంటున్నారు?

పాత పైలట్:
తమ్ముడూ, నేను అంబులెన్స్ నడిపేవాణ్ణి, బండిని ఎప్పుడూ బయటికి తిప్పే పెడతాను. అందరికన్నా ఎక్కువ అరిచేవాడికే పని చెబుతాను, "అన్నా, స్ట్రెచర్ ఆ కొస పట్టుకో" అని. చేతికి పని తగిలితే చాలామంది చల్లబడతారు. తాగినవాడి దగ్గర మాత్రం ఇది పనిచెయ్యదు, బండెక్కి తలుపేసుకుని పోలీసులకి ఫోన్ చెయ్యడమే. అందులో సిగ్గేం లేదు.

క్యాజువాలిటీ నర్సు:
కంప్లైంట్ ఇచ్చారా? మన తెలుగు రాష్ట్రాల్లో 2008 చట్టం ఉంది, వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక, 2024 ఆగస్టులో, 6 గంటల్లోపు సంస్థ తరఫునే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని కేంద్రం తన ఆసుపత్రులకి ఆదేశమిచ్చింది. మీ పైవాళ్లకి అది చూపించి అడగండి, మీరొక్కరే స్టేషన్ చుట్టూ తిరగొద్దు.

నైట్ డ్యూటీ:
చట్టం సరే అక్కా, మా దగ్గర ఎప్పుడూ రాజీయే. "చావు జరిగిన ఇల్లు, వదిలెయ్" అంటారు. నేనూ వదిలేశాను, కానీ నిద్ర నన్ను వదిలేసింది, రెండు నెలలు. చివరికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేం లేవు. ఒక్క ఫోన్‌తో తగ్గిపోయిందని చెప్పను, మూడోసారి మాట్లాడాక కాస్త నిద్ర పట్టింది. వణుకు ఉంటే ఆలస్యం చెయ్యకు బ్రదర్.

అడిగినవాణ్ణే:
థాంక్స్ అందరికీ. కంప్లైంట్ సంగతి ఇంకా తేల్చుకోలేదు, ఆ బావమరిది ఏడుపు కూడా గుర్తొస్తోంది. చేతులు వణుకుతున్నాయని మా పైలట్‌కి మాత్రం ఇవాళ చెప్పేశాను. ఈసారి సెలైన్ పెట్టేటప్పుడు తలుపు దగ్గర తను నిలబడతానన్నాడు.