వీధుల ఫొటోలకి మార్కులు వేయించాను, మూడో ఫ్యాక్టర్ అర్థం కావడం లేదు

గట్టు_గౌతమి:
ప్లానింగ్ థీసిస్. రాజమండ్రిలో కోటగుమ్మం నుంచి పుష్కర ఘాట్ దాకా 40 ఫొటోలు తీశాను. 52 మందికి చూపించి, ఒక్కో ఫొటోకి 12 జంట మాటల మీద 1 నుంచి 7 వరకు మార్కులు వేయించాను. ఇరుకు–విశాలం, పాత–కొత్త, రద్దీ–ప్రశాంతం, ఇలా. మొత్తం 2080 వరసలు. ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో (ఒకేలా కదిలే మార్కుల్ని గుంపులు కట్టే లెక్క) మూడు గుంపులు, అంటే ఫ్యాక్టర్లు, వచ్చాయి. మూడోదాంట్లో రద్దీ ఒక్కటే బలంగా ఉంది, పైగా రద్దీ పెరిగితే "ఆహ్లాదం" కూడా పెరిగే వైపుకి తిరిగి ఉంది. దానికి ఏం పేరు పెట్టాలి? గైడ్ శుక్రవారం అడుగుతారు.

లెక్కల_మాస్టారు:
2080 ఎక్కడివమ్మా? నీ దగ్గర ఉన్నది 52 మంది, 40 ఫొటోలు. ఒకే మనిషి 40 సార్లు చెప్పింది 40 మంది చెప్పినట్టు కాదు. మా మావయ్యగారు దేనికైనా 4 వేస్తారు, సాంబారుకైనా సినిమాకైనా. మిక్స్‌డ్ మోడల్ పెట్టి మనిషి వల్ల వచ్చిన తేడా వేరు, ఫొటో వల్ల వచ్చింది వేరు చెయ్యి. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, ఏటా ఒకరు ఇదే తప్పు పట్టుకొస్తారు.

స్టూడియో_బాబాయ్:
ఫోన్‌తో తీశావా? చాలా ఫోన్లలో మెయిన్ లెన్స్ 24–26 మి.మీ.కి సమానం, అంటే వెడల్పు లెన్స్. మన కంటి చూపుకి దగ్గరగా ఉండేది 50. వెడల్పు లెన్స్‌లో సందు కూడా హైవేలా పడుతుంది. పెళ్లి హాలు పెద్దదిగా కనబడాలని మేం చేసే పనే అది. నీ "విశాలం" మార్కులు సగం లెన్సువే.

కోనసీమ_కుర్రాడు:
ఆ రద్దీ–ప్రశాంతం జంట ఎవరు రాశారండీ? రద్దీకి ఎదురు ఖాళీ. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కాలు పెట్టే చోటు ఉండదు, అయినా ఎవరూ రద్దీ అనరు, "సందడిగా ఉంది" అంటారు. మా అమ్మమ్మకి ఖాళీ వీధి చూపిస్తే "ఏం, ఎవరన్నా పోయారా?" అంటుంది.

లెక్కల_మాస్టారు:
సెమాంటిక్ డిఫరెన్షియల్‌కి (ఇలా జంట మాటల మధ్య మార్కులు వేయించే పద్ధతికి) ఎదురు జంటలే ప్రాణం, సైకాలజిస్టు ఓస్‌గుడ్ 1957లోనే చెప్పాడు. ప్రశాంతం ఎదురు మాటే. నిఘంటువు చూడు.

కోనసీమ_కుర్రాడు:
నిఘంటువు వచ్చి మార్కులు వెయ్యదు కదండీ. వేసింది మనుషులు.

లెక్కల_మాస్టారు:
పద్ధతి తెలియని వాళ్లతో వాదించను.

కోనసీమ_కుర్రాడు:
పేరులో మాస్టారు ఉంటే సరిపోతుందా? గోదారి జిల్లాల్లో సందడికి తక్కువ మార్కులు వేసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నోరు మూసుకుంటాను.

జగన్నాథపురం_వంతెన:
అసలు రాజమండ్రి ఎందుకు? కాకినాడ రండి, రోడ్లు గీత గీసినట్టుంటాయి. నిలబడ్డ చోటి నుంచి చూపు ఎంత మేర పారుతుందో దాన్నే ఐసోవిస్ట్ అంటారు, బెనెడిక్ట్ 1979లో రాశాడు. భానుగుడి సెంటర్‌కి గీశాను, మ్యాప్‌లో అద్భుతంగా వచ్చింది. వెళ్లి చూస్తే నాలుగు వైపులా పుట్టినరోజు ఫ్లెక్సీలు. మ్యాప్‌లో ఫ్లెక్సీలు ఉండవు కదా. మూడు వారాల పని గోదాట్లో కలిసింది.

పాలకొల్లు_పిల్ల:
నేను మార్కులే వేయించలేదు. రెండేసి ఫొటోలు పక్కపక్కన పెట్టి "ఎక్కడ నడవాలనిపిస్తుంది?" అన్నాను, అంతే. బ్రాడ్లీ–టెర్రీ, ఏది దేని మీద గెలిచిందో చూసి ర్యాంకులు కట్టే 1952 నాటి పద్ధతి. 40 ఫొటోలకి 780 జంటలు, కానీ ఒక్కొక్కరికి ఓ ముప్ఫై చాలు. నాలుగు మార్కుల మావయ్యలు కూడా ఏదో ఒకటి తేల్చాల్సిందే. మా క్షీరారామం గోపురం ఏ మూల కనబడినా ఆ ఫొటోయే గెలిచింది, కింద మురుగు కాలవ ఉన్నా సరే.

జగన్నాథపురం_వంతెన:
గోపురం ఉంటే ఎవరైనా గెలుస్తారు. కాకినాడలో గోపురం లేకుండా...

పాలకొల్లు_పిల్ల:
మళ్లీ కాకినాడా!
గౌతమీ, ఓస్‌గుడ్‌కి వచ్చినవీ మూడే: మంచిచెడు, బలం, చురుకు. నీ మూడోది చురుకేమో చూడు.

స్టూడియో_బాబాయ్:
ఇంతకీ ఏ టైములో తీశావమ్మా?

గట్టు_గౌతమి:
మధ్యాహ్నం పన్నెండున్నరకి. జనం అడ్డం రాకూడదని. రెండు మాత్రం సాయంత్రం, ఘాట్‌లో హారతి జరుగుతుంటే.

కోనసీమ_కుర్రాడు:
ఆయ్! అంటే జనం ఉన్న ఫొటోలు ఆ రెండేనా?

గట్టు_గౌతమి:
అవును. ఆ రెండింటికీ రద్దీ 7, ఆహ్లాదం 6, 7 వేశారు.

లెక్కల_మాస్టారు:
ఆ రెండూ తీసేసి మళ్లీ నడుపు. మూడో ఫ్యాక్టర్ ఉంటే అప్పుడు పేరు పెడదాం.

గట్టు_గౌతమి:
నడిపాను. లేదు. రెండే వచ్చాయి.

కోనసీమ_కుర్రాడు:
మాస్టారూ, హారతి ఫొటోకి జనం ఎన్ని వేశారో చదివారా?

లెక్కల_మాస్టారు:
చదివాను. రెండు ఫొటోలతో ఏదీ రుజువు కాదు. అమ్మా, సాయంత్రాలు ఇంకో ఇరవై తియ్యి.

స్టూడియో_బాబాయ్:
50తో తియ్యి. లెన్సు నేనిస్తాను.

జగన్నాథపురం_వంతెన:
పనిలో పని, ఓ పది కాకినాడలో తియ్యకూడదూ?