అప్‌డేట్: బ్లీచ్ టైట్రేషన్‌లో తప్పు దొరికింది

మొన్న అడిగాను కదా, సీసా మీద 5 శాతం అని ఉన్న బ్లీచ్‌ను టైట్రేషన్ చేస్తే (అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని కొంచెం కొంచెంగా కలిపి, ఎంత పట్టిందో చూసి లెక్కగడితే) నాకు క్లోరిన్ 0.2 శాతమే వస్తోందని. తప్పు నా లెక్కలోనే ఉంది. 10 మి.లీ. బ్లీచ్‌ను 250 మి.లీ.కి పలుచన చేసి, అందులోంచి 25 మి.లీ. తీసుకున్నాను. అందులో అసలు బ్లీచ్ 1 మి.లీ. మాత్రమే. నేనేమో 25తో భాగించేశాను!

బ్లీచ్ వల్ల విడుదలైన అయోడిన్‌ను తీసేయడానికి పట్టిన థయోసల్ఫేట్ ద్రావణం రీడింగులు 15.0, 14.1, 14.2, 14.1 మి.లీ. మొదటిది తొందరగా చూసిన రఫ్ రీడింగ్, దాన్ని సగటులో కలపొద్దన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. మిగతా మూడింటి సగటు 14.13. థయోసల్ఫేట్ గాఢత 0.1 నార్మల్, క్లోరిన్ తుల్యభారం 35.45 కాబట్టి 14.13 × 0.1 × 35.45 = 50.1 మి.గ్రా. ఇది 1 మి.లీ. బ్లీచ్‌లో ఉన్న క్లోరిన్, అంటే లీటరుకు 50.1 గ్రాములు, సరిగ్గా 5 శాతం.

అయోడిన్ ఉన్నంతసేపు నీలంగా కనిపించే స్టార్చ్ కూడా ఈసారి ద్రావణం లేత ఎండుగడ్డి రంగుకి వచ్చాకే వేశాను. చివరి చుక్కకి నీలం ఒక్కసారిగా పోయింది. ఎంత హాయిగా అనిపించిందో!