“జరిగిన పని” – చేసిందెవరు?

ప్రశ్న: ఉష్ణగతికశాస్త్రం (థర్మోడైనమిక్స్) మొదటి నియమం మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఒక పుస్తకంలో “అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం − పని” అని ఉంది. ఇంకోదాంట్లో “ఉష్ణం + పని”. రెండింట్లోనూ వివరణ ఒకటే: “పని అంటే ఇక్కడ జరిగిన పని”. ఈ మాట సరిపోతుందా?

జవాబు: మాట తప్పు కాదండీ, అందులో కర్త లేకపోవడమే చిక్కు. గొడవ జరిగింది, పొరపాటు జరిగింది అంటాం చూడండి, ఎవరు చేశారో చెప్పకుండా దాటేయడానికి భలే పనికొస్తుంది ఈ క్రియ. ఇక్కడ మాత్రం దాటేయకూడదు. ప్లస్సా మైనస్సా అన్నది కర్తను బట్టే తేలుతుంది మరి.

వ్యవస్థ అంటే మనం లెక్కలోకి తీసుకున్న వస్తువు, నీరో గాలో. “వ్యవస్థ చేసిన పని” అనుకుంటే తీసివేత. “వ్యవస్థ మీద చేసిన పని” అనుకుంటే కూడిక. తేడా అంతా ఆ ‘మీద’లోనే ఉంది. “వ్యవస్థచే చేయబడిన పని” అని రాసేవాళ్లూ ఉన్నారు. కర్త దొరుకుతాడు గానీ వాక్యానికి ఊపిరాడదు.

నీటితో చూద్దాం. మామూలు వాతావరణ పీడనంలో, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2256 జౌళ్ల ఉష్ణం తీసుకుంటుంది. దాదాపు 1 ఘన సెంటీమీటరు ఉన్న నీరు 1671 ఘన సెంటీమీటర్ల ఆవిరి అవుతుంది. అంత చోటు కావాలంటే చుట్టూ ఉన్న గాలిని నెట్టాలి. ఆ నెట్టుడుకి అయ్యేది 169 జౌళ్లు. 2256లోంచి అది తీసేస్తే అంతర్గత శక్తి పెరిగింది 2087. రెండో పద్ధతిలో “వ్యవస్థ మీద చేసిన పని” −169 అవుతుంది, దాన్ని 2256కు కలిపినా అదే 2087.

తీసివేత పద్ధతి ఆవిరి యంత్రాల కాలం నాటిది. 1850లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్ మొదటి నియమాన్ని సమీకరణంగా రాసినప్పుడు అందరి దృష్టీ యంత్రాల మీదే. లోపలికి వెళ్లే ఉష్ణం, బయటికొచ్చే పని, రెండూ పాజిటివ్‌గా ఉంటే ఇంజనీరుకు హాయి. రసాయన శాస్త్రవేత్తలకు యంత్రంతో పనిలేదు. వ్యవస్థలోకి ఏది వచ్చినా ధనం, పోయేది రుణం, అంటే కూడిక పద్ధతి. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ సిఫారసు చేసేది ఈ పద్ధతినే. ధనం, రుణం అన్న పేర్లకు ఇదే బాగా అతుకుతుందని నాకనిపిస్తుంది. 628లోనే బ్రహ్మగుప్తుడు ఆ మాటలు వాడింది ఆస్తి, అప్పు అన్న అర్థం కలిసొచ్చేలాగే కదా.

ఇంకొకరు: ఉష్ణానికి ఈ గొడవ లేదుగా?

జవాబు: సూత్రంలో లేదు. వ్యవస్థలోకి వచ్చే ఉష్ణం రెండు పద్ధతుల్లోనూ ధనమే. వాక్యంలో మాత్రం ఉంది. “విడుదలైన ఉష్ణం −600 జౌళ్లు” అని రాస్తుంటారు. ‘విడుదలైన’ అన్నాక దిశ చెప్పేసినట్టే, మళ్లీ మైనస్ దేనికి? ఇంజన్ దక్షత (తీసుకున్న ఉష్ణంలో పనిగా మారే వంతు) దగ్గర ఇది బాగా దెబ్బతీస్తుంది. దక్షత = 1 − (విడిచిన ఉష్ణం ÷ తీసుకున్న ఉష్ణం). తీసుకున్నది 1000, విడిచింది 600 అయితే 0.4. విడిచినదానికి −600 వేశారనుకోండి, 1.6 వస్తుంది. అలాంటి ఇంజన్ ఎక్కడా ఉండదు! క్రియతో దిశ చెప్పండి, లేదా గుర్తుతో చెప్పండి. రెండూ కలపొద్దు.

ప్రశ్న అడిగినవారు: అయితే “వ్యవస్థ మీద పరిసరాలు చేసిన పని” అని రాయనా? కాస్త పొడవైపోతోంది.

జవాబు: మొదటిసారి పొడవుగానే రాయండి. ఆ పక్కనే “ఇకపై పని అంటే ఇదే” అని ఒక ముక్క పెట్టి, తర్వాత ఒట్టి ‘పని’ అని వాడుకోండి. ‘జరిగిన’ మాత్రం తీసేయండి.