పగలని ఏవీఎంని కదపాలా, వదిలేయాలా? అరూబా ట్రయల్ మీద మీరేమంటారు?

రేపల్లె ప్యాసింజర్:
మా తమ్ముడికి 31 ఏళ్లు. రెండు నెలల కిందట ఆఫీసులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎంఆర్ఐ తీస్తే మెదడులో ఎడమవైపు ఏవీఎం అన్నారు. ధమనికీ సిరకూ మధ్య ఉండాల్సిన సన్న నాళాలు లేకుండా రెండూ నేరుగా కలిసి చిక్కుపడిపోవడమట. ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తి చూశాను, నల్ల వానపాములు ఉండ చుట్టుకున్నట్టుంది. ఇంకా పగల్లేదు.

ఒక డాక్టరుగారు గామా నైఫ్ (కోత లేకుండా రేడియేషన్ కిరణాలతో చేసే చికిత్స) చేయించేయమన్నారు. ఇంకొకాయన అరూబా ట్రయల్ పేరు చెప్పి, ఫిట్స్ మాత్రలు వేసుకుంటూ వదిలేయమన్నారు. పగలని ఏవీఎం ఉన్నవాళ్లను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి, చికిత్స మేలా, మందులతో వదిలేయడం మేలా అని పోల్చిన అధ్యయనం అది. ఆ పేపరు చదివాను. మందులతోనే సరిపెట్టిన 109 మందిలో 11 మందికి స్ట్రోకో మరణమో. ఏవీఎంని తీసేయడానికి చికిత్స చేద్దామనుకున్న 114 మందిలో 35 మందికి. తేడా అంత ఉండేసరికి 2013 ఏప్రిల్‌లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. నాకైతే వదిలేయడమే మేలనిపిస్తోంది. అమ్మేమో "తలలో అది పెట్టుకుని వాణ్ణి పెళ్లిచూపులకి ఎట్లా తీసుకెళ్లను" అంటోంది.

కొండపల్లి బొమ్మ:
మీ తమ్ముడికి 31 ఏళ్లు. ఆ ట్రయల్ సగటున చూసింది 33 నెలలు! చికిత్స ముప్పంతా మొదట్లోనే కట్టేస్తాం, వదిలేస్తే ఏటా వాయిదాల్లో కడతాం. మూడేళ్లకే లెక్క తీస్తే ఎవరు ఎక్కువ కట్టినట్టు కనిపిస్తారు? మందుల గుంపులో రక్తస్రావం ఏడాదికి రెండు శాతం చిల్లర. అదే వేగంతో నలభై ఏళ్లు లెక్కేయండి, సగం దాటుతుంది. అమ్మగారి భయంలో అర్థముంది.

మానేరు గట్టు:
నాకు వేరే అభ్యంతరం ఉంది. సర్జరీ, ఎంబొలైజేషన్ (నాళంలోకి సన్నగొట్టం పంపి లోపలే మూసేయడం), రేడియేషన్ మూడూ కలిపి ఒకే గంపలో వేశారు. సర్జరీ అయినవాళ్లు చాలా కొద్దిమంది. అర్హులు 726 మంది దొరికితే 323 మంది చేరడానికి ఒప్పుకోలేదు, 177 మందికి ట్రయల్ బయటే చికిత్స జరిగింది. ఏది తేలిగ్గా తీయొచ్చో డాక్టర్లకు ముందే తెలుసు కదా, వాటిని చీటీల పాలు చేస్తారా?

చీరాల చేనేత:
ఫలితం నచ్చకపోతే ట్రయల్‌దే తప్పా అన్నా? 2020లో మళ్లీ లెక్క చెప్పారు, సగటున 50 నెలలకు. మందుల వైపు 110 మందిలో 15, అటువైపు 116 మందిలో 41. తేడా పూడలేదు. స్కాట్లండ్‌లో 204 మందిని 12 ఏళ్ల వరకూ చూసినా, చికిత్స చేయించుకోనివాళ్లకే స్ట్రోకులు తక్కువ. అది చీటీ వేసి పంచిన ట్రయల్ కాదు, ఒప్పుకుంటా. కానీ "నా చేతిలో బాగానే అవుతాయి" అని ప్రతి సర్జనూ అంటాడు. పక్కన చికిత్స లేని గుంపు పెట్టి చూపించినవాళ్లు ఎంతమంది?

కొండపల్లి బొమ్మ:
50 నెలలంటే నాలుగేళ్ల పైచిలుకు. నలభై ఏళ్ల గురించి ఇంకా ఎవరికీ తెలియదు.

చీరాల చేనేత:
తెలియనప్పుడు తలలో చెయ్యి పెట్టమనడం కూడా ధైర్యమే.

పచ్చిమిరప బజ్జీ:
మా అక్కకి గామా నైఫ్ చేయించాం. ఆ రోజు అయిపోయిందనుకుని కొబ్బరికాయ కొట్టాం. నాళాలు మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుందనీ, అప్పటిదాకా పగిలే ముప్పు ఉంటుందనీ ఇంటికొచ్చాక తెలిసింది. ప్రతి ఎంఆర్ఐకి ముందు వారం ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. మూడో ఏటికి మూసుకుంది. అయినా అందరినీ చేయించుకోమని చెప్పను.

మానేరు గట్టు:
ప్యాసింజర్ గారూ, రిపోర్టులో స్పెట్జ్‌లర్-మార్టిన్ గ్రేడ్ (సర్జరీ ఎంత ప్రమాదమో చెప్పే 1 నుంచి 5 దాకా అంకె) ఎంత? అది లేకుండా మనం కొట్టుకోవడం దండగ.

రేపల్లె ప్యాసింజర్:
గ్రేడ్ 2 అని ఉంది. రెండున్నర సెంటీమీటర్లు, రక్తం పైసిరల్లోకే పోతోంది, కానీ మాట కేంద్రం పక్కనే.

మానేరు గట్టు:
సైజుకి 1, మాట కేంద్రానికి 1, లోతు సిరలు లేవు కాబట్టి 0. సరిపోయింది. మెత్తగా కనిపించే గ్రేడే, ఆ రెండో 1 దగ్గరే చిక్కు. ఇద్దరు డాక్టర్లనూ ఒకటే అడగండి: మాట కేంద్రం పక్కన ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, ఎంతమందికి మాట తడబడింది? నంబరు చెప్పనివాళ్ల దగ్గర నేనైతే ఆగను.

చీరాల చేనేత:
ఇది మాత్రం ఒప్పుకుంటా.

రేపల్లె ప్యాసింజర్:
అడుగుతాను. ఇదంతా తమ్ముడికి చూపించాను. చదివి "ఇంతకీ నేను బండి నడపొచ్చా లేదా" అన్నాడు.

పచ్చిమిరప బజ్జీ:
ఫిట్స్ వచ్చి రెండు నెలలేగా! ఏవీఎం సంగతి తర్వాత, ముందు తాళాలు దాచేయండి.