ఓడ పారిపోయాక ఆ రోబోలు మళ్ళీ కొట్టుకుంటాయా, కొట్టుకోవా?

బ్రాడీపేట మావయ్య:
ఈ ఎండలకి బయటికి పంపలేక ఇద్దరు మేనల్లుళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి రోజూ రాత్రి కథ చెప్తున్నాను. పెద్దోడికి పదకొండు, చిన్నోడికి ఎనిమిది. ఇద్దరి దగ్గరా రోబో బొమ్మలున్నాయి, ఇద్దరికీ క్షణం పడదు, అందుకని కథలో కూడా రెండు వర్గాలు పెట్టాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుపసేన, అంటే లారీ ఇంజన్లతో తయారైన మొద్దు రోబోలు. గుంటూరు మిర్చి యార్డు రేకుల కింద మెరుపుసేన, అవి బ్యాటరీల మీద ఎగురుతాయి. ఇరవై ఏళ్ళుగా కృష్ణకి అటు ఒకరు ఇటు ఒకరు ఉండి కొట్టుకుంటున్నారు. ఒకరోజు ఆకాశం నుంచి పెద్ద ఓడ దిగి, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి నది నీళ్ళు పీల్చేయడం మొదలుపెట్టింది. వేడెక్కిన ఒళ్ళు చల్లబరుచుకోవాలంటే ఇద్దరికీ ఆ నీళ్ళే దిక్కు, చచ్చినట్టు కలిశారు. బ్యారేజీకి 70 గేట్లు కదా, గేటుకి ఒక ఇనుపోడు ఒక మెరుపోడు చొప్పున నిలబడి ఓడని తరిమేశారు, తర్వాత అందరూ కలిసి హాయిగా ఉన్నారు అని ముగించాను. చిన్నోడు చప్పట్లు కొట్టాడు. పెద్దోడు మాత్రం "ఓడ వెళ్ళిపోయాక ఇంక కలిసుండటం దేనికి మావయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రేపు రాత్రికి రెండో భాగం చెప్పాలి. మీరేమంటారు?

కృష్ణలంక కుర్రాడు:
కొట్టుకోరు అన్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పిన్ని వాళ్ళు సింగ్‌నగర్‌లో ఉన్నారు. పక్కింటివాళ్ళతో మూడేళ్ళుగా మాటల్లేవు, ప్రహరీ గోడ దగ్గర తగాదా. నీళ్ళు మెట్లెక్కేసరికి ఆ పక్కింటివాళ్ళంతా వచ్చింది పిన్ని వాళ్ళ డాబా మీదికే. ఒకటే స్టవ్వు, ఒకటే బియ్యం బస్తా. డ్రోన్ వచ్చి పొట్లాలు దింపితే లెక్కపెట్టుకుని పంచుకున్నారు (డ్రోన్లు అన్నం మోసుకొచ్చిన ఊరు మాది, ఇక్కడ రోబోల కథ నమ్మనివాడు ఉండడు). ఇప్పటికీ ఆ రెండిళ్ళ మధ్య కూరగిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. అంత టెన్షన్ కలిసి పడ్డవాళ్ళు మళ్ళీ గోడ గురించి మాట్లాడుకోరు.

పల్నాడు పిడుగు:
తమ్ముడూ, గోడ తగాదాలో ఎవడూ ఎవడి అన్ననీ చంపలేదు, అది వేరు ఇది వేరు. 1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధం చూడు. అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు అప్పటిదాకా ఒకడి మీదికి ఒకడు పోతూ, అవసరమైతే విజయనగరం సైన్యాన్నే తోడు తెచ్చుకుని మరీ కొట్టుకున్నవాళ్ళు. అప్పుడు విజయనగరాన్ని నడిపిస్తున్న, కృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు ఈ గొడవల మధ్యలో దూరి పెద్దరికం చేస్తుంటే ఇక లాభం లేదని కలిశారు. అదీ ఊరికే కలవలేదు, వియ్యమందుకుని కలిశారు. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకిచ్చి, దేనికోసమైతే తరాలుగా కొట్టుకున్నారో ఆ షోలాపూర్ కోటనే కట్నంగా ఇచ్చాడు. గెలిచారు. ఆ తర్వాత? మళ్ళీ సరిహద్దుల గొడవలే. 1619లో బీదర్‌ని మింగింది బయటివాడు కాదు, బీజాపూరే. మిగిలినవాటిని మొగలులు తీరిగ్గా తీసుకున్నారు, బీజాపూర్ 1686లో, గోల్కొండ 1687లో. పెళ్ళి, కోట నిలబెట్టలేని పొత్తుని నీ గేట్లు నిలబెడతాయా మావయ్యా?

పటమట పిల్ల:
ఒక చిన్న డౌటండీ పిడుగు గారూ. తళ్ళికోటలో ఓడింది విజయనగరం కదా. అంటే మీ లెక్కలో కృష్ణదేవరాయల అల్లుడుగారు గ్రహాంతరవాసా?

పల్నాడు పిడుగు:
ఆ నలుగురి వైపు నుంచి చూస్తే అంతేగా అమ్మా. మావయ్య కథలో ఆ ఓడలో ఉన్నవాళ్ళని కూడా ఎవరూ అడగలేదు, ఎందుకొచ్చారో, వాళ్ళ ఊళ్ళో కరువేమో.

పటమట పిల్ల:
అది వేరే కథ అవుతుంది, రాస్తే నేను చదువుతాను. కానీ మీరు సుల్తానుల దాకా ఎందుకు వెళ్ళారో నాకర్థం కాలేదు, భారతంలోనే ఉందిగా. అరణ్యపర్వం, ఘోషయాత్ర. పాండవులు అడవిలో ఉంటే తన వైభవం చూపించి ఏడిపిద్దామని దుర్యోధనుడు మందీ మార్బలంతో బయలుదేరాడు, గంధర్వుడు చిత్రసేనుడితో గొడవ పెట్టుకుని కట్టుబడిపోయాడు. భీముడు సంబరపడ్డాడు. ధర్మరాజు మాత్రం మనలో మనకైతే వాళ్ళు నూరుగురు మనం ఐదుగురం, బయటివాడు వస్తే మనం నూటఐదుగురం అని తమ్ముళ్ళని పంపి విడిపించాడు. ఐకమత్యం గురించి ఎవరు మాట్లాడినా ఈ నూటఐదు చెప్తారు, అక్కడితో ఆపేస్తారు. తర్వాత జరిగింది చెప్పరు. దుర్యోధనుడికి ఆ అవమానం భరించలేనంత అయి ప్రాయోపవేశానికి, అంటే తిండి మానేసి చచ్చిపోదామని కూర్చున్నాడు. శత్రువు చేతిలో ఓడటం కన్నా శత్రువు దయ వల్ల బతకడం ఎక్కువ బాధ పెట్టింది. కురుక్షేత్రం ఆగలేదు కదా, అందులో ఇది కూడా ఒక పుల్ల అయింది. కాబట్టి మావయ్యగారూ, గేట్ల దగ్గర ఎవరు ఎవరిని కాపాడారో కాస్త చూసుకోండి. ఒక సేనే రెండోదాన్ని కాపాడినట్టు చెప్పారంటే ఆ పొత్తు ఆ రాత్రే పోయినట్టు.

సర్క్యూట్ సుబ్బు:
అందరూ తర్వాత గురించి మాట్లాడుతున్నారు, అసలు ఆ రాత్రి గడవాలి కదా. 1982లో లెస్లీ లాంపోర్ట్, ఇంకో ఇద్దరు కలిసి బైజాంటైన్ సేనాపతుల సమస్య అని ఒక పరిశోధన పేపర్ రాశారు, కంప్యూటర్లు చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఒక కోట చుట్టూ నలుగురు సేనాపతులు దిగారు, కబుర్లు మనుషుల చేత పంపుకోవాలి, అందరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు, కానీ వాళ్ళలో ఎవడో ద్రోహి ఉండి ఈయనకొకటి ఆయనకొకటి చెప్తే? మొత్తంలో ద్రోహులు మూడో వంతు కన్నా తక్కువుంటేనే మిగిలినవాళ్ళు ఒక మాట మీదికి రాగలరు అని లెక్క తేల్చారు. ముగ్గురిలో ఒకడు దొంగైతే పని జరగదు, నలుగురిలో ఒకడైతే జరుగుతుంది. మావయ్య కథలో గేటుకి ఇద్దరు, మొత్తం 140. అంటే 46 మంది దాకా దొంగలున్నా నడుస్తుంది, 47 అయితే గోవిందా. ఇబ్బంది ఎక్కడంటే మెరుపుసేన కంటికి అవతలి 70 మందీ అనుమానితులే, వాళ్ళకీ అంతే. సగం మందిని నమ్మని చోట ఏ లెక్కా పారదు. ఒక్క దారి ఉంది, అదీ అదే పేపర్లో ఉంది: ఎవరి కబురు మీద వాళ్ళ సంతకం, ఇంకొకడు ఫోర్జరీ చేయలేనిది ఉండాలి. అప్పుడు దొంగలెంతమందైనా మంచివాళ్ళు ఒక మాట మీదుంటారు. వాళ్ళకి స్నేహం అక్కర్లేదు మావయ్యా, సంతకం చాలు.

ఆటోనగర్ గ్రీజు:
సుబ్బూ, సంతకం సరే, బోల్టో? నవ్వకండి, నేను ముప్ఫై ఏళ్ళుగా పానా పట్టినవాణ్ణి. ఇనుపోడి చెయ్యి ఊడితే మెరుపోడి చెయ్యి తెచ్చి బిగించగలవా? ఒకడిది అంగుళాల బోల్టు, ఇంకొకడిది మిల్లీమీటర్ల బోల్టు అయితే రెండు చుట్లు తిరిగి మూడో చుట్టుకి మర చచ్చిపోతుంది. ఇది కథ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ ఒకే పక్షం, ఒకే శత్రువు, కానీ బ్రిటన్ వాళ్ళ విట్‌వర్త్ మర (అంటే బోల్టు మీది గాడి) కోణం 55 డిగ్రీలు, అమెరికా వాళ్ళది 60 డిగ్రీలు. ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకి ఎక్కదు. ప్రాణాలివ్వడానికి సిద్ధపడ్డవాళ్ళు బోల్టు మార్చుకోవడానికి ఒప్పుకోలేకపోయారు, అంటే వాళ్ళ తప్పు కాదులెండి, ఫ్యాక్టరీలన్నీ మార్చాలి కదా. అమెరికా, బ్రిటన్, కెనడా మూడూ ఒకే మరకి ఒప్పుకుని సంతకాలు పెట్టింది 1948లో. యుద్ధం అయిపోయిన మూడేళ్ళకి! నన్నడిగితే ఆ మూడు దేశాలు నిజంగా కలిసింది ఆ రోజే. మా షెడ్డుకి పక్కపక్క ట్రాన్స్‌పోర్టుల లారీలు వస్తాయి, ఓనర్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, కానీ జాకీ ఇచ్చిపుచ్చుకుంటారు, ఎందుకంటే రెండు బళ్ళకీ పనికొచ్చేది అదొక్కటే. నీ రోబోలకి ముందు ఒకే బోల్టు పెట్టించు మావయ్యా, తర్వాత కొట్టుకోమన్నా కొట్టుకోరు, రిపేరుకి ఎక్కడికి పోతారు?

పల్నాడు పిడుగు:
గ్రీజన్నా, మాట బాగుంది కానీ యుద్ధం పుట్టేది బోల్టు దగ్గర కాదు, దోపుడు సొమ్ము దగ్గర. అదే యుద్ధంలో అమెరికా, సోవియట్ కలిసి జర్మనీ మీద గెలిచాయా, గెలిచిన దుమ్ము ఇంకా అణగకముందే జర్మనీ వాళ్ళ వీ-2 రాకెట్ ఎవరికి, దాన్ని చేసినవాళ్ళు ఎవరికి అని పరుగు మొదలైంది. దాన్ని చేసినవాళ్ళలో పెద్దవాడు ఫాన్ బ్రౌన్ అమెరికాకి పోయాడు, ఇంకొంతమంది ఇంజనీర్లని సోవియట్ వాళ్ళు తీసుకుపోయారు. ఓడ పారిపోయింది అన్నాడు కాబట్టి మావయ్య బతికిపోయాడు. అదే కూలి ఉంటే రెండో భాగం ఆ రాత్రే మొదలయ్యేది.

ఊరికే చదువుతున్నా:
ఆ రెండు దేశాల సంగతే ఇంకోటి. 1985లో జెనీవాలో నడుస్తూ మాట్లాడుకుంటుంటే, వేరే గ్రహం వాళ్ళు మా మీద పడితే మీరు సాయానికి వస్తారా అని రీగన్ అడిగాడట, తప్పకుండా అన్నాడట గోర్బచేవ్. అంతే, చెప్పాలనిపించింది. ఓడలు రాలేదు, అయినా రెండేళ్ళకి 1987లో మధ్యశ్రేణి అణు క్షిపణులు తీసేయడానికి ఒప్పుకున్నారు.

కృష్ణలంక కుర్రాడు:
చూశారా, ఓడ రాకుండానే కలిశారు. పిడుగన్నా దీనికేమంటావ్.

పల్నాడు పిడుగు:
కలవలేదు తమ్ముడూ, లెక్కలు చూసుకుని తగ్గారు. తగ్గడం కూడా మంచిదేలే.

కొత్తపేట లెక్చరర్:
సైకాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి, ఆలస్యంగా వచ్చాను. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన అమెరికాలో ఓక్లహోమాలో 22 మంది మగపిల్లల్ని, సుమారు మన పెద్దోడి వయసే, రెండు జట్లు చేసి ఒక వేసవి శిబిరంలో పెట్టాడు. పోటీలు పెట్టేసరికి జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి అన్నం పెడితే కలుస్తారనుకుంటే, ఆ అన్నమే ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. తర్వాత మంచినీళ్ళు ఆగిపోయేట్టు చేశారు, సామాను తెచ్చే లారీ ఆగిపోయేట్టు చేశారు, అందరూ తాడేసి లాగితేనే కదిలేట్టు. ఒక్కసారికి కలవలేదు, నీళ్ళొచ్చాక మళ్ళీ తిట్టుకున్నారు. అలాంటి పనులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే మెల్లగా మెత్తబడ్డారు. కాబట్టి మావయ్యగారూ, మీ కథలో తప్పు ఓడ కాదు, ఒక్క ఓడతో సరిపెట్టడం. గ్రీజు గారు చెప్పిన రిపేరు షెడ్డే సరైన దారి, రోజూ అవసరం పడుతుంది కాబట్టి. ఒక కొసమెరుపు చెప్పి వదిలేస్తాను. అంతకుముందు 1953లో ఇలాంటిదే చేయబోతే అది సాగలేదు. ఇదంతా పెద్దవాళ్ళు కావాలని పెడుతున్నారని పిల్లలకి అర్థమైపోయింది, ఒకరినొకరు వదిలేసి శిబిరం నడిపేవాళ్ళ మీదికే తిరిగారు.

బ్రాడీపేట మావయ్య:
రెండో భాగం నిన్న రాత్రి చెప్పాను. అందరి మాటా కొంత పెట్టాను. కాపాడింది ఎవరో తేలకుండా ఇద్దరూ ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు చెప్పాను (పటమట పిల్లకి థాంక్స్), ఆటోనగర్‌లో ఒకటే షెడ్డు, ఒకటే బోల్టు అన్నాను. అది చిన్నోడికి ఎంత నచ్చిందంటే వెంటనే లేచి పెట్టె తెచ్చి అన్న రోబో చెయ్యి తన రోబోకి ఎక్కుతుందేమో చూశాడు. ఎక్కలేదు.
అక్కడితో ఆపితే పోయేది. పిడుగు గారి మాట మనసులో ఉండి, ఈసారి ఓడ పారిపోలేదు, కూలి భవానీ ద్వీపం మీద పడింది అన్నాను. అంతే. ఇంజను మాది అని పెద్దోడు, ఒడ్డు మాది కాబట్టి అంతా మాదే అని చిన్నోడు. ద్వీపం ఏ ఒడ్డుకి దగ్గరో తేల్చమని ఫోన్‌లో మ్యాప్ తీయించారు. పదకొండైంది. సరే, నేనే తేలుస్తాను, ఆ ఓడ నదిలో మునిగిపోయింది, ఎవరికీ లేదు అన్నాను.
లెక్చరర్ గారూ, మీ 1953 మా ఇంట్లో జరిగింది. ఇద్దరూ ఒక్కటై "నీకు కథ చెప్పడం రాదు మావయ్యా" అని దుప్పటి లాక్కున్నారు. ఇప్పుడు మూడో భాగం వాళ్ళే చెప్పుకుంటున్నారు, తలుపేసుకుని. నన్ను రానివ్వట్లేదు. లోపలినుంచి వినపడుతున్నదాన్ని బట్టి ఓడలో నాలాంటివాడు ఒకడున్నాడు.