షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల వాపు: క్లీనింగ్ చేయించాలా, యాంటీఆక్సిడెంట్ మాత్రలు చాలా?

నల్గొండ_అమ్మాయి: మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. ఈమధ్య బ్రష్ చేస్తే రక్తం వస్తోంది, కింది పళ్లు కొంచెం కదులుతున్నాయి, మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) 8.6 ఉంది. చిగుళ్ల లోపలిదాకా క్లీన్ చేయాలని డెంటిస్టు అన్నారు. గార తీయిస్తే ఉన్న పళ్లు కూడా ఊడతాయని అమ్మ ససేమిరా అంటోంది. మందుల షాపాయనేమో ఇదంతా ఆక్సిడేటివ్ స్ట్రెస్, యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడితే తగ్గిపోతుందన్నారు. ఎవరైనా వాడారా? చాలా టెన్షన్‌గా ఉంది.

పెరియో_పీజీ: నేను చిగుళ్ల విభాగంలోనే ఎండీఎస్ చేస్తున్నాను. ఆయన చెప్పిన సమస్య నిజమే, మందు మాత్రం అది కాదు. పంటికీ చిగురుకీ మధ్య సందులో బ్యాక్టీరియా చేరితే వాటిని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటు రసాయనాలు వదులుతాయి, మామూలుగా అయితే మన ఒంట్లోనే ఉండే గ్లూటాథయోన్ వంటి యాంటీఆక్సిడెంట్లు వాటిని అదుపులో ఉంచుతాయి. షుగర్ ఎక్కువగా ఉంటే ఆ అదుపు తప్పుతుంది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఇదే. కణాల్లో ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే పదార్థాలు) మామూలు కన్నా ఎక్కువ తయారవుతాయి, పైగా ప్రొటీన్లకు చక్కెర అతుక్కుని ఏజీఈలు అనేవి పేరుకుని వాపును ఇంకా రెచ్చగొడతాయి. బ్యాక్టీరియాకు తగలాల్సిన దెబ్బ చిగురుకీ, పంటిని పట్టుకున్న ఎముకకీ తగులుతుంది. గార అక్కడే ఉన్నంతకాలం ఈ తంతు ఆగదు, ఎన్ని మాత్రలు మింగినా.

పళ్లు కదిలేది ఎముక తగ్గిపోవడం వల్ల. గార గట్టిగా పట్టి ఉంటే ఆ కదలిక పైకి తెలియదు, తీశాక బయటపడుతుంది, దాంతో జనం స్కేలింగ్‌నే తిడతారు. వాపు తగ్గాక చాలామందికి కదలిక కూడా తగ్గుతుంది.

వైజాగ్_రిటైర్డ్: అమ్మా, నేను చేయించుకున్నాను. మత్తు సూది ఇచ్చి ఒక్కో వైపు చేశారు. తర్వాత కొన్నాళ్లు చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది, అంతే. ఖాళీ కడుపుతో మాత్రం తీసుకెళ్లొద్దు, టిఫిన్ పెట్టి, రోజూ వేసుకునే షుగర్ మాత్ర వేయించి తీసుకెళ్లండి. నా షుగర్ 8.1 నుంచి 7.6కి వచ్చింది, కానీ అప్పుడే నడక కూడా పెంచాను, కాబట్టి మొత్తం దీనివల్లేనని చెప్పలేను.

డల్లాస్_శ్రీ: క్లీనింగ్‌తో షుగర్ తగ్గుతుందని ఆశ పెట్టేముందు ఒక మాట. ఇక్కడ అమెరికాలో 500 మందికి పైగా షుగర్ పేషెంట్ల మీద చేసి 2013లో ప్రచురించిన ట్రయల్‌లో ఏ తేడా రాలేదు.

పెరియో_పీజీ: శ్రీ గారూ, నిజమే. అయితే ఆ ట్రయల్‌లో చికిత్స తర్వాత కూడా చాలామందికి పాచి, రక్తం మిగిలే ఉన్నాయని అప్పుడే విమర్శ వచ్చింది. 2018లో లండన్‌లో ఏడాదిపాటు గట్టిగా చికిత్స చేసినవాళ్లలో, పైపైన క్లీనింగ్ చేసినవాళ్లకన్నా హెచ్‌బీఏ1సీ 0.6 తక్కువ వచ్చింది. 2022లో కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే సంస్థ) సమీక్షలో అన్ని ట్రయల్స్ కలిపి చూస్తే 3, 4 నెలలకు సుమారు 0.43 తగ్గుదల. షుగర్ మందు మానేసేంత కాదు, వదులుకునేంత చిన్నదీ కాదు.

బెజవాడ_ఫార్మసిస్ట్: అమ్మగారికి బీపీ ఉందా? అమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చిగుళ్లు ఉబ్బి పెరుగుతాయి. మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, చీటీ డెంటిస్టుకు చూపించండి. ఇంట్లో సిగరెట్లు, చుట్టలు తాగేవాళ్లుంటే వాళ్ల చిగుళ్లు కూడా చూపించండి. పొగవల్ల రక్తం తక్కువ కారుతుంది, లోపల ఎముక పోతున్నా తెలియదు.

నల్గొండ_అమ్మాయి: అమ్మ అమ్లోడిపిన్ వేసుకుంటోంది! మీ అందరి మాటలూ చదివి వినిపించాను, ముందు ఒక వైపు చేయించుకుని చూస్తానంది. మాత్రల డబ్బా కొనట్లేదు. ఉప్పునీళ్లు పుక్కిలించొచ్చా?

పెరియో_పీజీ: గోరువెచ్చటి ఉప్పునీళ్లు పర్వాలేదు. పళ్ల సందుల్లో వాడే చిన్న బ్రష్ ఏ సైజో డెంటిస్టునే అడిగి రోజూ రాత్రి వాడించండి. విటమిన్ సి కావాలంటే జామకాయ, ఉసిరికాయ పెట్టండి. 3 నెలలకు చిగుళ్లు మళ్లీ చూపించండి, హెచ్‌బీఏ1సీ కూడా అప్పుడే చేయిస్తే తేడా తెలుస్తుంది.